ఖమర్ బీ ఇంట్లో సోదా

పోలీస్ యాక్షన్ ముగిసిన మూడోవారం, మోండా మార్కెట్ వెనక గల్లీలో సోదాకు దిగిన మిలిటరీ ఆఫీసరుకు ఇంగ్లీషు తప్ప ఇక్కడి మాటొక్కటీ రాదు. అందుకని తర్జుమా చేయడానికి లూకా మాస్టారిని వెంట తెచ్చుకున్నాడు.

“లుకింగ్ ఫర్ ఆర్మ్స్,” అన్నాడు ఆఫీసరు, ఖమర్ బీ గుమ్మంలో నిలబడి.

“తుపాకులు వెతుకుతరట, బీబీ.” లూకా తెలుగులో చెప్పాడు.

“వెతకనియ్యి సార్. సందూకు పెట్టె కింద సుత జెర చూడమను. రంజాన్ నుంచి నా ముక్కుపుల్ల కనబడ్త లేదు,” అంది ఖమర్ బీ.

లూకా అదే ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు నవ్వలేదు. సిపాయిలు సందూకు జరిపారు, పరుపులు దులిపారు, చివరికి బియ్యం జల్లెడ పట్టారు.

జల్లెడలో తేలిన ముక్కుపుల్లను ఆఫీసరు ఆమె అరచేతిలో పెట్టాడు. “లుక్ ఆఫ్టర్ ఇట్.”

“పైలంగ చూసుకోమంటున్నడు.”

అప్పటిదాకా బిగించి ఉన్న ఎదురింటి తలుపు తెరుచుకుంది. గులాబ్ బీ తల బయటపెట్టింది.

“మాస్టర్ సాబ్, మా ఇల్లెప్పుడు వెతుకుతరో అడుగు. తాళంచెవి పోయి నెలయింది.”