కుట్టుమిషన్ దగ్గరి కుర్చీ

హెడ్‌నర్సు పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాను. నాలుగోసారి ట్యూషన్ మాస్టారు ఒక కిటుకు చెప్పారు.

"బట్టీ కొట్టకమ్మా. నీకు బాగా తెలిసిన ఇల్లొకటి తలుచుకో. ఒక్కో చోట ఒక్కో జవాబు పెట్టు. పరీక్షలో కళ్లు మూసుకుని ఆ ఇంట్లో నడిచిరా, చాలు."

నాకు బాగా తెలిసిన ఇల్లు ఒక్కటే, చిన్నప్పటి అద్దె ఇల్లు. ఇప్పుడక్కడ కార్ల షెడ్డుంది. గేటుకి గుండెని వేలాడదీశాను. మెట్ల మీద ఊపిరితిత్తులు ఆరబెట్టాను. కిటికీ పక్కన కుట్టుమిషన్ దగ్గర మాత్రం అమ్మ కూర్చుని ఉంది.

"మనుషులుంటే అక్కడ జవాబు నిలవదు. ఖాళీ చేయించు," అన్నారు మాస్టారు.

అమ్మని లేపి, ఆ కుర్చీలో మూత్రపిండాలని కూర్చోబెట్టాను. రెండు నెలలు రోజూ నాలుగుసార్లు ఆ ఇల్లు చుట్టివచ్చాను. ఈసారి అందరికన్నా ఎక్కువ మార్కులు నావే.

మార్కుల కాగితం చూపించడానికి గదిలో ఎవరూ లేక చెల్లికి ఫోన్ చేశాను. అమ్మ పోయేనాటికి దానికి రెండేళ్లు. అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. అమ్మ గురించి ఏం తెలుసుకోవాలన్నా అది నన్నే అడుగుతుంది.

"అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో కదే అక్కా! అవునూ, కుట్టేటప్పుడు అమ్మ కళ్లజోడు పెట్టుకునేదా?"

"ఉండు, చూసి చెప్తా."

కళ్లు మూసుకున్నాను. గేటు దాటాను. మెట్లెక్కాను. కిటికీ దగ్గరికి వెళ్లాను.

"చెప్పవే," అంది చెల్లి.

మూత్రపిండాలు రెండు. చిక్కుడుగింజ ఆకారం. ఒక్కొక్కటి నూటయాభై గ్రాములు.