గుడ్లగూబగారి డిజైన్

“బ్యాటరీ మార్చాను బాబూ. అప్పట్నించీ మూగబోయింది.”

పెద్దావిడ సంచిలోంచి చెవి మిషన్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

కౌంటర్లో ఉన్న కుర్రాడు మూత తీసి చూసి పెదవి విరిచాడు.

“ఇది మా బ్యాటరీ కాదండీ. వేరేది వేస్తే లోపల తాళం పడిపోతుంది. ఒకసారి పడితే ఇంతే, కొత్త మిషన్ కొనుక్కోవాలి.”

“మీది మా దగ్గర దొరకలేదు. మా ఆయన పొద్దున్నించీ నా మొహం వంక చూస్తూ కూర్చున్నారు. ఆ తాళమే లేకుండా అమ్మకూడదూ?”

“అమ్మితే ఎవరు పడితే వాళ్లు కాపీ కొట్టేస్తారండీ.”

లోపలి గదిలో అతని అక్క తల పట్టుకుని కూర్చుంది. మిషన్లు చేసేది ఆమే. తాళం ఉంటేనే పెట్టుబడి పెడతామన్నారు డబ్బున్నవాళ్లు. దాని గుట్టు ఎవరికీ చూపించకూడదన్నారు తాళం అమ్మినవాళ్లు. అసలు డిజైన్ని నెట్‌లో ఊరికే పెట్టిన మనిషి షరతేమో ఒక్కటే. దీంతో ఏం చేసుకున్నా సరే, దాచకుండా అందరికీ చూపించాలి.

ఆ మనిషి పేరెవరికీ తెలీదు. నెట్‌లో ‘గుడ్లగూబ’ అని ఉంటుంది. అక్కాతమ్ముళ్లు మర్యాదగా ‘గుడ్లగూబగారు’ అనుకుంటారు. తాళం గుట్టు దాచుకోవడానికి ఆ గుడ్లగూబగారు సరేనంటే షాపు నిలబడుతుంది. లేకపోతే మూతే. అక్క బతిమాలుతూ రాస్తే, ‘మీ తాళం సంగతి చూసి చెప్తాను, సాయంత్రం ఫోన్ చెయ్యండి’ అని నంబర్ వచ్చింది.

బయట పెద్దావిడ ఇంకా కదల్లేదు.

“ఈ డిజైన్ మీదేనా బాబూ?”

“మాదేనండీ. రాత్రింబవళ్లు కూర్చుని మేమే చేశాం.” తమ్ముడు తడుముకోలేదు.

గుమ్మం దాకా వచ్చిన అక్కకి ఆ మాట వినపడింది. కాదని చెప్పాలనుకుంది. కొనేవాళ్ల ముందు తమ్ముణ్ణి చిన్నబుచ్చడం ఎందుకులే అని సరిపెట్టుకుంది. సిగ్గు మాత్రం వేసింది.

పెద్దావిడ మిషన్ని రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఎత్తింది ఎవరో ఆడమనిషి.

“గుడ్లగూబగారితో మాట్లాడాలండీ. తాళం సంగతి చూసి చెప్తానన్నారు.”

“చూడ్డం అయిందమ్మా. ఒప్పుకోవడం కుదరదు.”

“ఒక్కసారి ఆయన్ని పిలవండి. షాపు మూతపడిపోతుందండీ. నేనే నచ్చజెప్పుకుంటాను.”

“మా ఆయనకి వినపడదు తల్లీ,” అంది అవతలి గొంతు నెమ్మదిగా. “ఆయన కోసమని ఆ డిజైన్ గీసింది నేనే, అది మీదని ఇవాళ మీ కౌంటర్లో అబ్బాయి చెప్పేదాకా నాకూ తెలీదు.”