ఎడమ వైపు గొంతు

“రేపు గుడివాడ నుంచి బేరగాడు వస్తున్నాడు. ఈసారైనా ఆ డబ్బా కదులుతుందా? కలర్ టీవీ పెట్టుకోవడానికి చోటు లేదు,” అంది శేషమ్మ.

శంకరరావుకి ఒళ్లు మండింది.

“డబ్బా కాదే, క్యాసెట్లు కూడా పాడే స్టీరియో రిసీవర్! బందరు మొత్తంలో ఇలాంటిది ఇంకోటి లేదు.”

“ఉన్నదానికీ ఒక చెవి వినబడదుగా!”

అదీ నిజమే. ఓడ ఉద్యోగం చేసే బావగారు జపాన్ నుంచి తెచ్చిచ్చిన పెట్టె అది. ఉప్పుగాలికి ఎడమ స్పీకరు మూగబోయి ఏళ్లయింది. బాగుచేయిద్దామంటే ఎవడు విప్పి ఏం పాడుచేస్తాడోనని భయం. అమ్ముదామంటే ప్రాణం ఒప్పదు.

అంతలో గుమ్మంలో ఎవరో దగ్గారు.

నూలు చీర, మందపాటి కళ్లద్దాలు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. అరవై దాటిన మనిషి.

“స్టీరియో అమ్ముతున్నారంట కదా బాబుగారూ. ఒకసారి చూడొచ్చా?”

ఈవిడ కొనే మనిషేనా అనుకున్నాడు శంకరరావు. అయినా వినేవాళ్లు దొరికితే అతనికి పండగే. కుర్చీ వేశాడు.

“మీ దగ్గర కృత్తివెన్ను దేవమ్మ పద్యాల క్యాసెట్టు ఉందని పెడనలో ఎవరో అన్నారు. అది కూడా ఇస్తారా?”

శంకరరావు మొహం వెలిగిపోయింది.

“దేవమ్మ పేరు మీకూ తెలుసా! పెడన తిరునాళ్లలో నేనే రికార్డు చేశానండీ. ఆవిడది రాజు వేషం. ఎడమ మైకు ఆవిడ ముందు పెట్టాను, కుడి మైకు హార్మోనియం ముందు. ఆ మరుసటేడే ఆవిడ నాటకాలు మానేసింది. ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు.”

“ఆవిణ్ణి దగ్గర్నుంచి చూశారా?”

“చూడకేం! ఇంత కిరీటం, ఇంత మీసం, మొహమంతా రంగు. లోపలి మనిషిని ఎవరు చూశారు లెండి!”

ఆవిడ నవ్వింది.

“ఒక్కసారి వినిపించండి బాబూ. దానికోసమే వచ్చాను.”

అతను క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. కుడి స్పీకర్లోంచి హార్మోనియం లేచింది. పద్యం మాత్రం రాలేదు.

ఆవిడ మొహం చిన్నబోయింది.

“గొంతు రాదా?”

“ఎడమ పక్క పోయిందిగా. వేరే టేప్‌రికార్డర్లో వేస్తే రీలు నమిలేస్తుందని భయం. నాకు కంఠస్థమే కాబట్టి మనసులో వినేస్తుంటాను.”

ఆవిడ కాసేపు హార్మోనియం వింది. కళ్లు మూసుకుంది. ఉన్నట్టుండి పద్యం అందుకుంది.

గొంతు కాస్త బొంగురుపోయింది. శ్రుతి మాత్రం చెక్కుచెదరలేదు. వంటింట్లోంచి శేషమ్మ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

మూడో పాదంలో ఆవిడ చటుక్కున ఆగింది. కాలితో నేలను రెండుసార్లు తట్టి, మళ్లీ ఎత్తుకుంది.

అయిపోయాక శంకరరావు పెద్దరికంగా తల పంకించాడు.

“బాగానే పాడారు పెద్దమ్మగారూ. కానీ మూడో పాదంలో అలా ఆగకూడదు. దేవమ్మ అయితే ఒక్క ఊపిరిలో లాగేసేది.”

“ఆగేది కాదా?”

“నాకు తెలీదా! ఏమనుకోకండి, ఆవిడకీ మనకీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.”

“అయ్యుంటుంది బాబూ. ఏళ్లయింది కదా,” అంటూ ఆవిడ బుట్ట తీసుకుంది.

“మరి కొనరా?”

“గొంతు రాని పెట్టె నాకెందుకు? బాగుచేయించండి. గొంతు వచ్చాక మీరే అమ్మరు. బస్సుకి టైమైంది, వస్తాను.”

ఆ మాట శంకరరావు మనసులో ముల్లులా గుచ్చుకుంది. తెల్లారగానే పెట్టెని రిక్షా ఎక్కించి కోనేరు సెంటర్లో రిపేరు షాపుకి తీసుకెళ్లాడు. వాళ్లు మూత విప్పుతుంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

లోపల ఒక్క తీగ చిలుమెక్కి ఊడింది. గీకి అతికించారు.

“దీనికోసమా అండీ ఇన్నేళ్లు ఊరుకున్నారు?” అని నవ్వారు.

ఇంటికొచ్చేసరికి బేరగాడు అరుగు మీద తయారు.

“వినిపిస్తాను ఉండండి,” అంటూ క్యాసెట్టు వేశాడు శంకరరావు.

ఎడమ స్పీకరు కాసేపు గరగరమంది.

తర్వాత పలికింది.

ఖంగుమని మోగిన ఆ గొంతుకి వీధిలో సైకిళ్లు ఆగాయి. ఎదురింటి వాళ్లు కిటికీలు తెరిచారు. కూరల బండివాడు బండి వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు. శంకరరావు ఛాతీ పొంగిపోయింది. ఇన్నేళ్ల తర్వాత తన పెట్టె గెలిచింది!

బేరగాడు లేచి నిలబడ్డాడు.

“మీరెంతంటే అంతే అండీ!”

“అమ్మడం లేదు, వెళ్లిరండి,” అంది శేషమ్మ. ఆమె కళ్లల్లో నీళ్లు.

అప్పుడొచ్చింది మూడో పాదం.

గొంతు చటుక్కున ఆగింది. చెక్క స్టేజీ మీద కాలు రెండుసార్లు తట్టిన చప్పుడు. ఆ సందులోకి హార్మోనియం ఒక్కసారిగా పైకి లేచింది. ఆ వెనకే మళ్లీ గొంతు.

శంకరరావు కొయ్యబారిపోయాడు.

పద్యం ముగిసింది. క్యాసెట్టులో జనం “వన్స్‌మోర్” అని అరిచారు. వీధిలో జనం కూడా అరిచారు.

“నిన్నటావిడ ఉంటే ఎంత సంతోషించేదో పాపం!” అంది శేషమ్మ.

అతను గబగబా తీగలు పీకి, పెట్టెని దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టాడు.

“ఇప్పుడే కదా తెచ్చారు! మళ్లీ ఎక్కడికండీ?”

“కృత్తివెన్ను బస్సుకి,” అన్నాడు శంకరరావు, ఏడుస్తూనే నవ్వేస్తూ. “దేవమ్మలా పాడటం ఎలాగో నిన్న దేవమ్మకే నేర్పి పంపించానే!”