పదకొండు సొరుగుల వేడి

ఉదయం ఎనిమిదికి గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి మాంగ్ ఎంకోస్ నేరుగా పాముల గదికి నడిచాడు. ఆఫీసులో అందరూ అతన్ని మాంగ్ అనే పిలుస్తారు, బాబాయ్ అన్నట్టు.

లెంబాంగ్ కొండ మీద చలి ఎక్కువ. వన్యప్రాణి ఆఫీసు వాళ్ళు రెండు స్వెట్టర్లేసుకుని అల్లం కషాయం తాగుతూ పని చేస్తారు. స్వెట్టర్లు లేనివి ఆ గదిలోని పదకొండు పాము పిల్లలే. పపువా అడవుల నుంచి దొంగతనంగా తెచ్చి అమ్మబోతుంటే పట్టుబడినవి. ఇప్పుడు నిమ్మపండు రంగు. పెద్దయితే ఆకుపచ్చగా మారతాయి.

ఒక్కో ప్లాస్టిక్ సొరుగులో ఒక్కో పిల్ల. సొరుగుల వెనక వేడి పట్టీ. వెనక ముప్పై డిగ్రీలు, ముందు ఇరవై ఆరు ఉండాలి. చలేస్తే పిల్ల వెనక్కి పోతుంది, చాలనిపిస్తే ముందుకొస్తుంది. వినడానికి ఇంతే. కానీ ఆ ముప్పై ముప్పైగా నిలబెట్టడం ఆఫీసు మొత్తంలో మాంగ్‌కి తప్ప ఎవరికీ చేతకాదు.

గురువారం కోర్టు వాయిదా. పాముల్ని ప్రాణాలతో ఉండగా లెక్కపెడతానన్నాడు జడ్జి. కిందటేడు చిలకల కేసులో చిలకలు చచ్చాయి, కేసూ పోయింది. సాక్ష్యం బతికుంటేనే కేసు బతుకుతుందని ప్రభుత్వ లాయరు వారానికోసారి ఫోన్ చేసి మరీ చెబుతున్నాడు.

ఐదు నెలలుగా మాంగ్‌కి ఆదివారం లేదు. భార్య ఇమాస్‌కి ఓపిక అయిపోయింది. ఈ పొద్దున అరిటాకులో అన్నం చుట్టిస్తూ అననే అంది.

"ఒక్క పూట ఆ ప్లగ్గు ఊడిందనుకో, పీడా వదిలిపోతుంది. నీకే ఎందుకయ్యా ఇంత?"

మాంగ్ పొట్లం తీసుకుని వచ్చేశాడు.

ఇప్పుడు గది తలుపు తీసేసరికి లోపల బు విదా, అంటే విదా మేడమ్, ఉంది. ఈ పాముల బాధ్యతంతా ఆ అధికారిణిదే. చేతిలో తుడుపు కర్ర, ముఖంలో గర్వం. జడ్జిగారి మనుషులు చూడ్డానికొస్తారేమోనని తానే గది కడిగిందట. తీరా చూస్తే థర్మోస్టాట్ పద్దెనిమిది చూపిస్తోందట. వేడి పెంచినా పద్దెనిమిదేనట. అందుకని ఇంకా పెంచిందట.

మాంగ్ అంకెల వైపు చూడనే లేదు. వంగి, అరచేతి వెనక భాగాన్ని సొరుగుకి ఆనించాడు. చటుక్కున వెనక్కి తీసుకుని ప్లగ్గు లాగేశాడు.

వేడిని కొలిచే తీగ, కడిగేటప్పుడు పట్టీ మీద నుంచి జారి తడి నేల మీద పడుంది.

"చలేస్తోందన్నది నేల, బు. పాము కాదు."

ఆమె తుడుపు కర్ర గోడకి ఆనించేసింది.

ఒక్కొక్క సొరుగే లాగాడు. పది పిల్లలు ముందుకొచ్చి గాలి కన్నాలకి ముక్కులానించి ఉన్నాయి. బాగానే ఉన్నాయి. ఏడో సొరుగులోది మాత్రం తాడు ముక్కలా పడుంది. చేతిలోకి తీసుకుంటే రెండు వైపులా వేలాడింది.

చన్నీళ్ళు తెస్తానని బు విదా పరుగెత్తబోయింది. వద్దన్నాడు. వేడెక్కినదాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది. గోరువెచ్చటి నీళ్ళు కావాలన్నాడు.

ఆమె చెంబుతో తెచ్చి నవ్వబోయింది.

"ఇది చస్తే మీకు హాయే లెండి మాంగ్. చావు నాకు."

"దీనికి కేసు సంగతి తెలీదు బు. పోయండి, నెమ్మదిగా."

ఇంతలో ఫోన్ మోగితే ఆమె బయటికి వెళ్ళింది. మళ్ళీ ఆ లాయరే. గదిలో మాంగ్, అతని చేతిలో పాము. చూసేవాళ్ళెవరూ లేరు. దాన్ని అలా సొరుగులో పెట్టేసి తలుపు మూస్తే అడిగేవాళ్ళూ లేరు. తప్పు నేల కడిగినవాళ్ళదే కదా.

మాంగ్ ఎడమ చేతిలో పాముని పెట్టుకుని కుడి చేత్తో చుక్క చుక్కగా నీళ్ళు వదులుతూ కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేశాయి. అన్నం పొట్లం చల్లారిపోయింది. అరగంట దాటాక అతని బొటనవేలి మీద ఏదో చక్కిలిగింత పెట్టింది. చూస్తే, దారం పోగంత నాలుక.

బు విదా తిరిగొచ్చేసరికి అతను తీగని మూడు చోట్ల టేపుతో పట్టీకి అతికిస్తున్నాడు. జరిగిందంతా డైరీలో రాసేస్తానంది ఆమె. పదకొండూ క్షేమం అని రాస్తే చాలన్నాడు. ఆమె డైరీ తెరిచి అంతే రాసింది. తర్వాత వెళ్ళి అతని అన్నం వేడి చేసి తెచ్చింది.

గురువారం జీపులో థర్మోకోల్ పెట్టెని మాంగ్ ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసాలు, సంచుల్లో పాములు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరుకి చీవాట్లు పడ్డాయి. మలుపు మలుపుకీ మూత కొంచెం తీసి డిగ్రీలు చూశాడు.

కోర్టులో జడ్జి కళ్ళద్దాలు పెట్టుకుని, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని మరీ లెక్కపెట్టాడు. పదకొండు. ఏడో సొరుగుది అందరికంటే హుషారుగా తల పైకెత్తింది. లాయరు ఐదు నెలల్లో మొదటిసారి నవ్వాడు. బు విదా మాత్రం నేల చూపులు చూస్తూ ఉండిపోయింది.

గుమాస్తా ముద్దాయి పేరు పిలిచాడు. మాంగ్ ఎంకోస్ పెట్టె మూత జాగ్రత్తగా మూసి, లేచి వెళ్ళి జడ్జి ఎదురుగా ముద్దాయి కోసం వేసిన ఒంటరి కుర్చీలో కూర్చున్నాడు.