బల్ల మీద వేలు

టక్... టక్.

కెప్టెనమ్మ తలెత్తింది.

ఎదుటి కుర్చీలోని పెద్దాయన చూపుడువేలితో బల్ల మీద కొట్టి, ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

“చెప్పండి. ఏం కావాలి?”

ఆయన చెప్పలేదు. మెడకు మఫ్లరు చుట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు.

టక్... టక్.

కెప్టెనమ్మ అన్నది అక్కడి కుట్టుపనివాళ్ళు పెట్టిన పేరు. ఒకప్పుడు తెరచాప పడవలో ఒంటరిగా మహాసముద్రాలు దాటే పందేలకు వెళ్ళిన మనిషి ఆమె. ఇప్పుడు పాత తెరచాపలు తెప్పించి, ఉప్పు వదిలేదాకా మంచినీళ్ళ తొట్లలో నానబెట్టి, సంచులు కుట్టిస్తోంది. పారేస్తే ఆ ప్లాస్టిక్ గుడ్డ తిరిగి సముద్రంలోకే చేరుతుందని ఆమె బాధ.

బాధ అంటే, ఒకప్పటి మాట. చివరి పందెంలో తుఫానుకి పడవ విరిగినప్పుడు చలికి ఆమె వేళ్ళ కొసల్లో స్పర్శ పోయింది. వేళ్ళతో ఆగినా బాగుండేది. ఇప్పుడు ఎవరు సన్మానానికి పిలిచినా, ఎవరు పోయారని చెప్పినా “అలాగా” అనే అంటుంది.

తెలియని నంబరు నుంచి ఫోను వస్తే మాత్రం చేతిలో పని వదిలేసి వింటుంది. ఆ తుఫానులో రేడియోలో తనను బతికించిన గొంతు అదేమోనని. ఆ మనిషి ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక్కసారి కలిసి, ఒక్క దండం పెట్టుకోవాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

అక్క హడావిడిగా లోపలికొచ్చింది. లెక్కలూ, వచ్చేపోయేవాళ్ళూ అక్క బాధ్యత.

“ఏమే, సంచులు కొనేవాళ్ళు వచ్చేశారు. ఈయనెవరు?”

“ఏమో అక్కా. ఎంత అడిగినా నోరు విప్పడు.”

“చందాకి వచ్చుంటారు. ఏమండీ, రేపు రండి.”

పెద్దాయన చెయ్యి జేబులోని పెన్ను దాకా వెళ్ళింది. కెప్టెనమ్మ వైపు చూసి, పెన్ను తీయడం మానుకున్నాడు. మళ్ళీ బల్ల మీద వేలు.

టక్... టక్.

ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన చేతి మీద తన చెయ్యి వేసి ఆపింది.

“చాలండీ. ఇక ఆపండి.”

ఆ చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో ఆమె వేళ్ళకు తెలియలేదు. పెద్దాయన ఆ రెండు చేతుల వంకా చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క మోచెయ్యి పట్టుకుని లేపితే, మారాం చెయ్యకుండా లేచి వెళ్ళిపోయాడు.

సంచులు కొనడానికొచ్చిన ఇద్దరికీ కెప్టెనమ్మ తొట్లు చూపించింది, నేల మీద పరిచిన తెరచాపలు చూపించింది. చివర్న అందరికీ చెప్పే కథే చెప్పింది.

“పడవలోకి నీళ్ళొచ్చేశాయి. రేడియో ఒక్కటే మిగిలింది. ఒడ్డునున్న కేంద్రం నుంచి ఎవరో ఒకాయన, నిద్రపోతే పోతావమ్మా, నేను నిద్రపోనివ్వను అన్నారు. ఇంక అదే పనిగా కబుర్లు. వాళ్ళమ్మాయి సైకిల్ నేర్చుకుంటూ ఏ గోడకి గుద్దుకుందో, వాళ్ళావిడ కూరలో ఉప్పు వేశానా లేదా అని ఎవరెవర్ని అడుగుతుందో... ఓడ వచ్చి నన్ను ఎక్కించుకునేదాకా ఆపలేదు.”

“తర్వాత కలిశారా?”

“లేదండీ. నేను ఆసుపత్రిలో లేచి తిరిగేసరికి ఆ కేంద్రం మూసేశారు. అందరూ తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఆ గొంతు వినబడితే మాత్రం నిద్రలోనైనా పట్టేస్తాను.”

ఎప్పుడూ కథ ఇక్కడికొచ్చేసరికి విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. ఈసారి ఇద్దరిలో చిన్నావిడ అడిగింది.

“ఆయన మాట్లాడారు సరే. మీరేం అనేవారు?”

“నేనేం అంటాను? చలికి గొంతు పూడుకుపోయింది. ఒక్క మాట పెగల్లేదు.”

“మరి మీరు వింటున్నట్టు ఆయనకెలా తెలుసు?”

“మైకుకి బటన్ ఉంటుంది. ఊరికే నొక్కినా అవతల చప్పుడవుతుంది. మాట రాకపోతే ఏం తల్లీ, రెండుసార్లు నొక్కు, బతికే ఉన్నావని నాకు తెలుస్తుంది అన్నారు. నేను అలాగే...”

అలవాటుగా బల్ల మీద వేలితో చూపించింది.

టక్... టక్.

వేలు అక్కడే ఉండిపోయింది.

అక్క పిలుస్తున్నా వినిపించుకోకుండా గేటు దగ్గరికి వెళ్ళింది.

“ఆ పెద్దాయన ఏడీ?”

“ఇందాకే వెళ్ళిపోయారమ్మా,” అన్నాడు వాచ్‌మన్. “కూతురు కారులో ఎక్కించుకుపోయింది. గొంతులో ఏదో జబ్బుట. ఆపరేషన్ చేసి గొంతే తీసేశారట, ఇంక మాట రాదట. ఆట్టే రోజులు కూడా లేవట పాపం.”

“ఎక్కడికెళ్ళారు?”

“అడగలేదమ్మా. ‘నేనూ లోపలికొస్తానంటే నాన్న వద్దన్నారు, ఆ అమ్మాయే నన్ను గుర్తుపడుతుందని రాసి చూపించారు’ అంటూ ఏడ్చిందా పిల్ల.”

రోడ్డు రెండువైపులా ఎండ తప్ప ఏమీ లేదు. వెనకే పరుగెత్తుకొచ్చిన అక్క ఆయాసపడుతూ అడిగింది.

“ఏమైందే? ఎవరాయన?”

కెప్టెనమ్మ తన కుడిచేతిని చూసుకుంది. ఏడుపు రావాలి, రాలేదు.

ఇన్నాళ్ళూ ఏ గొంతు కోసం చెవులు రిక్కించి తిరిగిందో, ఆ గొంతు మనిషే వచ్చి ‘బతికే ఉన్నాను’ అని చెబుతుంటే, ఈ చేత్తోనే ఆపింది.