మూడు గంటలు మరిగించిన బీన్స్

ఆ గురువారం కూడా ముసలావిడ ఏడు బీన్స్ సీసాల్నీ ఊడ్చి సంచిలో వేసుకుంది.

బల్ల వెనక నిలబడ్డ ఆర్డిస్‌కి ఒళ్ళు మండింది. ఆ సీసాలు తను ఇంట్లో నిలవ పట్టి తెచ్చినవి.

అమెరికాలో, మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరి చర్చి నేలమాళిగలో వారం వారం లేనివాళ్ళకి సరుకులు పంచుతారు. దుకాణం డబ్బాలు ఒక బల్ల మీద, ఇళ్ళలో పట్టినవి ఇంకో బల్ల మీద. అడిగేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు. అయినా ఒకటి తీసుకుని మిగతావి పక్కవాళ్ళకి వదలడం అక్కడి మర్యాద. ఈవిడకి సిగ్గూ లేదు, మర్యాదా లేదు. ఎప్పుడూ అదే బూడిదరంగు కోటు, పగుళ్ళు తేలిన చేతులు, ఒంటి నుంచి బ్లీచింగ్ కంపు. దగ్గరికొస్తే చాలు, ఆర్డిస్ ముక్కు మూసుకునేది.

మొదటి వారం మాత్రం ముచ్చటేసింది. డబ్బాల వంక చూడకుండా తన సీసాలే ఎత్తిందంటే, తిండి విలువ తెలిసిన మనిషే అనుకుంది.

"ఇవి ఎలా పట్టావమ్మా?" అని అడిగిందావిడ.

"మా అమ్మ పట్టినట్టే. మూత బిగించి మరిగే నీళ్ళలో మూడు గంటలు. ఉప్పు లేదు, మందుల్లేవు."

"బీన్స్‌కి ఉత్త మరుగు చాలదమ్మా. ప్రెషర్‌లో ఉడకాలి. లేకపోతే లోపల విషం పుడుతుంది. వాసన కూడా రాదు."

దానం ఇచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టినట్టుంది, అనుకుంది ఆర్డిస్. నలభై ఏళ్ళుగా తింటున్నాం, ఎవరూ చావలేదని చెప్పి మొహం తిప్పుకుంది.

ఆ తరువాత ఆవిడ మాట్లాడటం మానేసింది. తలుపు తెరవగానే రావడం, ఉన్న సీసాలన్నీ ఎత్తుకుపోవడం. ఎంత తింటుందో, ఎలా తింటుందో తలుచుకుంటేనే రోతగా ఉండేది.

అసలు ఆ బీన్స్ ఆర్డిస్ తన భర్త వెర్లిన్ కోసం పట్టినవి. మిగిలినవే చర్చికి. స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్లిన్‌కి చలికాలంలో గుండెపోటు వచ్చింది. ఉప్పు తగ్గించమన్నాడు డాక్టరు. ఆర్డిస్ అంతటితో ఊరుకుంటుందా? పంది మాంసం పోయింది, వెన్న పోయింది, దుకాణం డబ్బా గుమ్మం తొక్కడానికి వీల్లేదు. వాటిలో అంతా రసాయనాలేనట.

"ఇంతకన్నా గుండెపోటే నయం. ఒక్కసారి వచ్చి పోయింది," అని గొణిగేవాడు వెర్లిన్.

"నువ్వు పోతే నేనేం కావాలి? నోరు మూసుకుని తిను," అనేది ఆర్డిస్. నిజంగానే ఆమెకి వేరే దిక్కు లేదు.

ఆ గురువారం ఆమె ముసలావిడ వెనకే వెళ్ళింది. చర్చి వెనక చెత్తతొట్టి దగ్గర ఆవిడ ఒక్కో మూతా తీసి, బీన్స్‌ని ప్లాస్టిక్ సంచిలోకి గుమ్మరించి, మీద బ్లీచింగ్ నీళ్ళు పోస్తోంది. తను ఒక్కొక్కటీ ఏరి, తుంచి, కడిగిన బీన్స్ ఆ కంపులో తెల్లగా పాలిపోతున్నాయి. ఆర్డిస్ పరుగున దగ్గరికి వెళ్ళింది.

"ఛీ, నువ్వు మనిషివేనా? ఒకళ్ళ నోటి దగ్గర కూడు లాక్కొచ్చి పారబోస్తావా?"

ఇంకా మూత తియ్యని ఆఖరి సీసాని ఆర్డిస్ గుంజుకుంది.

"అది తినకమ్మా. పోనీ, పది నిమిషాలు మరిగించి అయినా తిను తల్లీ."

మళ్ళీ ఈ గుమ్మంలో కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తానని చెప్పి వచ్చేసింది ఆర్డిస్.

ఆ చేతులు తాకిన సీసా. ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు తోమింది. అయినా తనకి నోట పెట్టబుద్ధి కాలేదు. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఆదివారం మొత్తం వెర్లిన్‌కే పెట్టింది, చల్లగా, పైన కాస్త వెనిగర్ చల్లి. వేడి చేస్తే విటమిన్లు పోతాయట. మూడు గంటల మరుగులో పోనివి అప్పుడు పోతాయి కాబోలు.

సోమవారం సాయంత్రానికి వెర్లిన్‌కి ఒక మనిషి ఇద్దరుగా కనిపించాడు. మంగళవారం నాలుక మడత పడింది, కనురెప్పలు లేవలేదు, గుక్కెడు నీళ్ళు గొంతు దిగలేదు. బుధవారం ఊపిరి కోసం మిషను పెట్టారు. బీన్స్ విషానికి విరుగుడు మందు విమానంలో తెప్పించారు గాని, ఆలస్యమైంది, ఏ సంగతీ చెప్పలేమన్నాడు డాక్టరు.

ఆరోగ్య శాఖ నుంచి మారెన్ అనే అమ్మాయి వచ్చింది. ఏం తిన్నాడు, ఎవరు పట్టారు, ఇంకెవరెవరికి ఇచ్చారు అని అడిగి రాసుకుంది.

"చర్చికి వారానికి ఏడు చొప్పున ఇచ్చాను," అంది ఆర్డిస్. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. "ఎవరూ తినలేదు. ఒక ముసలావిడ అన్నీ పట్టుకుపోయి బ్లీచింగ్ పోసేది. నేనే తిట్టి తరిమేశాను."

మారెన్ రాయడం ఆపింది.

"బూడిదరంగు కోటా?"

"ఎరుగుదువా? మీ ఆఫీసు మనిషా?"

"కాదండీ. ఆవిడ పేరు సిగ్రిడ్. పదకొండేళ్ళుగా చుట్టుపక్కల చర్చిలన్నీ తిరిగి, ఇలాంటి సీసాలు కనిపిస్తే పట్టుకుపోయి పారబోస్తుంది. అంతకు ముందు ఆవిడా ఇలాగే మరిగే నీళ్ళలో పట్టేది, ఆ బీన్స్ పెట్టి మొగుణ్ణీ కొడుకునీ ఒకే వారంలో పోగొట్టుకుంది."