తిరుగుటపా

ఫోన్ మోగినప్పుడల్లా సర్వరమ్మ గుండె గుభేలుమంటోంది.

ఆస్పత్రి మెయిల్ సర్వర్ చూసుకునేది ఆమే కాబట్టి అందరూ పెట్టిన పేరు అది. ఇవాళ మనసు మాత్రం సర్వర్ మీద లేదు. పై అంతస్తులో తమ్ముడున్నాడు. బోన్‌మ్యారో సరిపోయే దాత దొరికితేనే వాడు బతుకుతాడు. దొరికాడో లేదో డాక్టర్ ఏ క్షణాన్నయినా చెప్పాలి.

అలాంటి వేళ తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. చొక్కా మీద నూనె మరకలు, భుజాన సంచి.

“అమ్మా, మీ సర్వర్ నన్ను కాల్చుకు తింటోంది. ‘మీ మెయిల్ చేరలేదు, మీ మెయిల్ చేరలేదు’ అని ఒకటే తిరుగుటపా. నేను పంపింది ఒక్కటీ లేదు!”

ఆమె మెయిల్ చిరునామా అడిగి, వెతికి చూసింది. చూసి మండిపడింది.

“పంపలేదా? చవక మందులు, తగిలిన లాటరీలు, ఈ చెత్తంతా మీ పేరు మీదే వస్తోంది! ఇక్కడ లేనివాళ్ల చిరునామాలకి పంపేది మీరు, చేరలేదంటే నా మీదకి వచ్చేది మీరూనా?”

“నా పేరు పెట్టుకుని ఎవడో పంపితే నేనేం చెయ్యనమ్మా? ఆ తిరుగుటపాలతో నా మెయిల్ పెట్టె నిండిపోయింది. తుడిచేకొద్దీ వస్తున్నాయి. నేను ఓడలో వంటవాణ్ణి. సాయంత్రం ఓడెక్కానంటే ఫోన్ పలకదు, మెయిలొక్కటే దిక్కు. దాన్లో నాకో కబురు రావాలి.”

“ఏం కబురు?”

“బయటికి చెప్పకూడదన్నారు.”

“బాగానే ఉంది కథ! వెళ్తారా, గార్డుని పిలవనా?”

ఆయన చిన్నబోయాడు. “మీరేదో కంగారులో ఉన్నట్టున్నారు. వస్తానమ్మా,” అని సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆమెకు కాలు నిలవలేదు. ఫోన్ చూసింది. కూర్చుంది, లేచింది. చివరికి ఉండబట్టలేక ఆ చెత్త ఎక్కడ పుట్టిందో తవ్వి చూసింది. ఆయన పేరు పైన అతికించారు, అంతే. పంపిన వెధవలు వేరే.

తప్పు తన సర్వర్‌దే. లేని చిరునామాకు వచ్చిన మెయిల్‌ని గుమ్మంలోనే పొమ్మనాలి. ఇది మర్యాదకు పోయి లోపలికి రానిచ్చి, ఆనక దాని మీద ఎవరి పేరుంటే వాళ్లకు చేరలేదని చెబుతోంది. మార్చాలని అనుకుంటూనే రేపు, రేపు అని నెట్టుకొచ్చింది.

ఇప్పుడు మార్చేసింది. టీ చల్లారేలోపే అయిపోయింది. పాపం అనిపించి వీధిలోకి పరుగెత్తింది. ఆయన లేడు.

మర్నాడు డాక్టరే కిందికి దిగి వచ్చాడు.

“దొరికాడా సార్?”

“దొరికాడమ్మా. మీ తమ్ముడికి అచ్చంగా సరిపోయాడు. అతనొక్కడే. నిన్న పొద్దున్నే మెయిల్ పెట్టాం. ఒప్పుకున్నాక నీకు చెబుదామని ఆగాను.”

“మరి?”

“పెట్టె నిండిందని వెనక్కొచ్చేసింది. రాత్రి గాని చూసుకోలేదు. అప్పట్నుంచి ఫోన్ చేస్తున్నా పలకడం లేదు, ఏదో ఓడలో వంటవాడట.”